మా కాలువలు పటానికెక్కిన తీరు: నా అనుభవం

కాకినాడ దగ్గరున్న తాళ్లరేవు దాటి సముద్రం వైపు వెళ్తే ముందు వరి చేలు, ఆ తర్వాత రొయ్యల చెరువులు, చివరికి మడ అడవి వస్తాయి. చెరువులకీ అడవికీ మధ్య కొన్నిచోట్ల చెట్టన్నది లేని ఉప్పు నేల ఉంటుంది. అమావాస్యకీ పున్నమికీ వచ్చే పెద్ద పోటుకి దాని మీదికి నీళ్లెక్కుతాయి. మిగతా రోజుల్లో ఎండిపోయి తెల్లగా పెచ్చులు కడుతుంది. మా ఊరివాళ్లు దాన్ని బయలు అంటారు. వలలు ఆరేసేది అక్కడే, చేపలు ఎండబెట్టేది అక్కడే. అంచుల్లో ఆడవాళ్లు ఇలకూర కోసుకుంటారు. మేతకి పోయే గేదెలు దాని మీదుగానే వెళ్తాయి. ఆ నేలకి ఎవరి పేరునా పట్టా లేదు, కావాలని ఎవరూ అడగనూ లేదు.

ఉపగ్రహ చిత్రంలో ఇది మెరిసే తెల్లటి మచ్చ. కంప్యూటర్ దాన్ని ఉప్పుబారిన భూమిగా గుర్తించి బంజరు లెక్కలో వేస్తుంది. ఆ రంగు ఒకసారి పడిందా, ఖాళీ భూమి ఎక్కడుందా అని వెతికే ప్రతివాళ్లకీ ముందు కనిపించేది ఆ మచ్చే. నేను కొంతకాలం అలాంటి పటం తయారుచేసే జట్టులో పనిచేశాను. ఆ పని ఎలా సాగుతుందో, అందులో మనుషులూ నీళ్లూ ఎక్కడ జారిపోతారో చూసింది చూసినట్టు రాస్తున్నాను. గోదావరి డెల్టాలో ఇలాంటి పటాలు ఇంకా చాలా తయారవుతాయి. మీ ఊరికి ఎవరైనా జీపీఎస్ పట్టుకుని వచ్చినప్పుడు ఏం అడగాలో తెలిసి ఉండటం మంచిది.

మాది వేట మీద బతికిన కుటుంబం. డిగ్రీ అయ్యాక రిమోట్ సెన్సింగ్‌లో, అంటే ఉపగ్రహ చిత్రాలు చదివే పనిలో, డిప్లొమా చేశాను. ఒక కన్సల్టెన్సీ తీర మండలాల్లో సహజ వనరుల పటం పని తీసుకుని, ఇక్కడి మాటా ఇక్కడి కాలువలూ తెలిసిన మనిషి ఫీల్డుకి కావాలంది. చేరాను. ఆ పని నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. అందుకే దాని గురించి ఇంత పట్టింపు.

పని ఉపగ్రహ చిత్రాలతో మొదలవుతుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 చిత్రాలు 2015 తర్వాత అందరికీ ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో ఒక్కో గడి, అంటే పిక్సెల్, నేల మీద 10 మీటర్ల చదరం. మన దేశపు రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరాకి అదే గడి 23.5 మీటర్లు. ఆకుపచ్చని ఆకు కంటికి కనిపించని పరారుణ కాంతిని గట్టిగా వెనక్కి కొడుతుంది, నీరు దాన్ని మింగేస్తుంది. ఆ తేడాల్ని బట్టి మేము కొన్ని చోట్లు చూపించి ఇది మడ, ఇది చెరువు, ఇది వరి, ఇది ఇసుక అని నేర్పితే, మిగతా గడులన్నిటికీ కంప్యూటర్ తానే పేరు పెట్టుకుంటూ పోతుంది. ఆ తర్వాత ఫీల్డుకి వెళ్లి కొన్ని గడుల దగ్గర నిలబడి పెట్టిన పేరు సరిపోయిందో లేదో చూస్తాం. సరిపోయినవాటి శాతం 85 దాటితే పటం బాగుందనడం మా రంగంలో ఆనవాయితీ.

ఆ శాతాన్ని చూసి అందరూ నిశ్చింతగా ఉంటారు. కానీ అది చెప్పేది ఒక్కటే: మేము ముందే రాసుకున్న పేర్ల జాబితాలోంచి కంప్యూటర్ సరైన పేరు ఎంచుకుందా లేదా అని. జాబితాలోనే లేని సంగతిని ఆ పరీక్ష ఎన్నటికీ పట్టుకోలేదు. మా బయలు దగ్గర నేనే జీపీఎస్‌తో నిలబడ్డాను. నేల ఉప్పుబారిందా? బారింది. పరీక్షలో నూటికి నూరు. అక్కడ ఆరేసి ఉన్న వలల గురించి ఆ ఫారంలో గడి లేదు.

కాలువల సంగతి ఇంకా తీవ్రమైనది. వరసకి మావయ్య అయ్యే ఒక పెద్దాయన నన్ను పడవ మీద తిప్పేవారు. ఆయనకి ఊహ తెలిసినప్పటి నుంచి ఈ కాలువల్లోనే వేట. తొలి చిత్తుపటం ప్రింటు తీసి చూపిస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటమ్మాయ్, కాలువలన్నీ పూడ్చేశారేంటి?" అన్నారు. నిజమే. పెద్ద పాయలు తప్ప అంతా ఒకటే పచ్చ. ఐదారు మీటర్ల వెడల్పున్న కాలువ 10 మీటర్ల గడిలో విడిగా కనపడదు. పైగా రెండు గట్ల మీది మడ కొమ్మలూ పైన కలిసిపోయి ఉంటాయి. పైనుంచి చూసే కంటికి అది అడవే.

పటంలో కాలువ లేకపోతే ఏమవుతుందంటే, చట్టానికి కూడా అది లేనట్టే అవుతుంది. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, అందరూ సీఆర్‌జెడ్ అనేది, 1991లో మొదటిసారి వచ్చింది. 2011 నోటిఫికేషన్ ప్రకారం పోటు నీళ్లు వచ్చే కాలువ గట్టు నుంచి 100 మీటర్లు లేదా కాలువ వెడల్పు, ఏది తక్కువైతే అంతవరకు ఆంక్షలుంటాయి. 2019 జనవరిలో వచ్చిన కొత్త నోటిఫికేషన్‌లో ఆ 100 కాస్తా 50 అయింది. ఆరు మీటర్ల కాలువకి దక్కేది ఎలాగూ ఆరు మీటర్లే. కాలువ గీతే పటంలో లేకపోతే ఆ ఆరు కూడా పోతాయి. అడ్డంగా గట్టు వేసి చెరువు తవ్వినా కాగితాల మీద ఎవరి తప్పూ కనపడదు.

కాలువకి అడ్డం పడితే అడవి వెంటనే చావదు. పోటు నీళ్లు రావడం తగ్గి, నిలిచిన నీళ్లలో ఉప్పు చిక్కబడి, మెల్లగా కొమ్మలు ఎండుతూ వస్తాయి. కోరంగి వైపు అలా పాడైన చోట్ల ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఊరి కమిటీలు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటుని మళ్లీ లోపలికి రప్పించి మడ మొక్కలు నాటిన సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. ఆ పనికి కూలికి వెళ్లినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. నీళ్లు నడిచే దారి ఎంత ముఖ్యమో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే దారిని మేము పచ్చరంగుతో కప్పేశాం.

కాబట్టి చిన్న కాలువలన్నీ పడవ మీద తిరిగి జీపీఎస్‌తో గీయాలని నేను పట్టుబట్టాను. ఖర్చు అవుతుందన్నారు, గడువు లేదన్నారు. చివరికి కొన్నిటికి ఒప్పుకున్నారు. దట్టమైన కొమ్మల కింద జీపీఎస్ సిగ్నల్ అటూ ఇటూ గెంతుతుంది. కాలువ మధ్యలో పడవ పోతుంటే తెర మీద గీత గట్టెక్కి నడుస్తూ ఉంటుంది. ఆ గీతల్ని సరిచేయడానికి మావయ్య పక్కన కూర్చుని ఏ మలుపు తర్వాత ఏ మలుపో చెప్తూ ఉండేవారు. పటంలో ఒక్కో రకం సమాచారాన్ని విడి పొరగా పెడతాం. ఆ కాలువల పొర కింద ఎవరి పేరు రాయాలన్న చోట సంస్థ పేరు మాత్రమే పడింది. అది నాకు ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

వేళల సంగతీ, నెలల సంగతీ అంతే. సెంటినెల్-2 మన మీదుగా ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్తుంది. ఆ వేళకి పోటు ఉందా పాటు ఉందా అన్నది ఆ రోజు తిథిని బట్టి ఉంటుంది. ఒకే బురద తిప్ప ఒక చిత్రంలో నేల, ఇంకో చిత్రంలో నీరు. జూలై నుంచి అక్టోబరు దాకా మబ్బులే కాబట్టి మామూలుగా పటాలు ఎండాకాలపు చిత్రాలతోనే తయారవుతాయి. మబ్బుల్లోంచి చూడగల రాడార్ ఉపగ్రహాలున్నాయి గానీ, వాటిని చదివే ఓపిక ప్రతి ప్రాజెక్టుకీ ఉండదు. గోదావరికి వరద వచ్చి ఎర్రనీళ్లు కాలువల్లోకి ఎక్కినప్పుడు వేట మొత్తం చోటు మారుతుంది. ఆ బతుకు ఏప్రిల్ నెల చిత్రంలో ఎక్కడ కనిపిస్తుంది?

ఇక తీరం గీత. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లని, రోడ్డుని కోసుకుంటూ రావడం చూస్తూనే ఉన్నాం. పైన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి డెల్టాకి చేరే మట్టి తగ్గిపోవడం దీనికి ఒక పెద్ద కారణమని పరిశోధకులు చాలాకాలంగా చెప్తున్నారు. నదిలోనూ అంతే, ఒక లంక ఒక పక్క కోసుకుపోయి ఇంకో పక్క మేట వేస్తుంది. ఇలా కదిలే నేల మీద కదలని గీత గీసి సంతకాలు పెడతాం. దానికి తోడు గీతకే ఒక మందం ఉంటుంది. 1:50,000 స్కేలు పటం మీద అర మిల్లీమీటరు గీత నేల మీద 25 మీటర్లు. ఒక ఇల్లూ పెరడూ పూర్తిగా ఆ గీత కిందే పట్టేస్తాయి. పాత రెవెన్యూ పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచినప్పుడు రెండూ ఎప్పుడూ అచ్చంగా కలవవు. ఎటు జరపాలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లే నిర్ణయిస్తారు. ఆ జరపడంలో ఎవరి చెరువు అడవిలోకి వస్తుందో, ఎవరి గుడిసె అభయారణ్యంలోకి వస్తుందో మారిపోతుంది.

గీత ఎంత పని చేయగలదో మనకి కొత్త కాదు. మన డెల్టాకీ కృష్ణా డెల్టాకీ మధ్యనున్న కొల్లేరులో +5 అడుగుల కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లని కలిపే గీత, వరకు 1999లో అభయారణ్యం అన్నారు. 2006లో ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లు పేల్చేశారు. సరస్సుకి ఊపిరి ఆడాలంటే చెరువులు పోవాల్సిందే, ఆ మాట నేను గట్టిగానే నమ్ముతాను. కానీ లీజుకిచ్చి వందల ఎకరాలు తవ్వినవాళ్లూ, సొసైటీ పేరున చిన్న వాటా ఉన్న మత్స్యకారులూ ఆ గీతకి ఒక్కటే అయిపోయారు. కాంటూరు ఎత్తుని కొలుస్తుంది, ఎవరిది ఎంత బలమో కొలవదు. ఆ తర్వాత ఆ గీతని +3కి దించాలని ఏళ్ల తరబడి గొడవ నడిచింది.

మా చిత్తుపటం మీద ఊరి అభిప్రాయం తీసుకునే సభ పంచాయతీ ఆఫీసులో పెట్టారు. పొద్దున్న పదకొండు గంటలకి. ఆ టైముకి మగవాళ్లు సగం మంది వేటలో, ఆడవాళ్లు చేపల మార్కెట్లో, పీతలకి వెళ్లినవాళ్లు బురదలో ఉంటారు. గోడ మీద వేలాడదీసిన పటం నిండా ఇంగ్లీషు. వచ్చినవాళ్లలో పట్టాలున్నవాళ్లు, చెరువులున్నవాళ్లే ఎక్కువ. వాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే, మా సర్వే నంబరు మడ అడవి రంగులో పడిందా లేదా అని. అడగడంలో తప్పేం లేదు, వాళ్ల బాధ వాళ్లది. కానీ సర్వే నంబరే లేనివాళ్లు ఏ గడి చూపించి అడుగుతారు? రిజిస్టర్లో సంతకాలు తీసుకున్నారు, ఫొటోలు దిగారు, సంప్రదింపులు పూర్తయినట్టు రాసుకున్నారు.

నేను, నాతో పనిచేసే ఇంకో అమ్మాయి కలిసి సాయంత్రం అమ్మవారి గుడి ముందు విడిగా కూర్చోబెట్టాం. కాగితం, స్కెచ్ పెన్నులు ఇస్తే ఆడవాళ్లంతా వెనక్కి జరిగారు. ముగ్గు పిండి తెచ్చి నేల మీద వేయమన్నాం. అంతే, ఒకరు కాలువ గీస్తే ఇంకొకరు చెరిపి సరిచేయడం, "అక్కడ కాదే, తిల్ల చెట్లు దాటాక" అని ఒకరినొకరు దిద్దుకోవడం మొదలైంది. ఉపగ్రహం ఎన్నడూ చూడలేని సంగతులు బయటికొచ్చాయి. ఏ తిప్ప మీద ఏ నెలలో గుల్లలు దొరుకుతాయి. పాటుకి ఏ చోట కాలువ నడిచి దాటొచ్చు. ఎండాకాలంలో మంచినీళ్లు ఊరే గుంట ఎక్కడుంది. పిల్లల్ని పూడ్చిన చోటు ఎక్కడ. 1996 నవంబరు 6 తుపాను రాత్రి గాలి ఎటునుంచి వచ్చింది, ఏ వైపు మడ దట్టంగా ఉండి ఇళ్లు నిలిచాయి. ఆ తుపానులో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకి వెళ్లిన ఎంతోమంది తిరిగి రాలేదు. ఆ మాట వచ్చినప్పుడు కాసేపు ముగ్గు ఆగిపోయింది.

అక్కడే ఒక పిన్ని నన్ను పక్కకి పిలిచింది. ఆవిడ మండపీతలు పట్టి బతుకుతుంది. మోకాల్లోతు బురదలో నడిచి, మడ వేళ్ల కింది బొరియల్లో ఇనప కొక్కెం పెట్టి లాగుతుంది. ప్రాణంతో ఉన్న పీతకి మంచి ధర, విదేశాలకి కూడా వెళ్తుంది. "అన్నీ రాసుకో గానీ పీతల చోటు మాత్రం రాయకమ్మా. నువ్వు రాస్తే రేపు ఎవడో ఫోన్లో చూసుకుని మరబోటు వేసుకుని వచ్చేస్తాడు. మాకున్నది కాళ్లే" అంది.

అప్పటిదాకా నా పోరాటం అంతా మా వాళ్ల సంగతులు పటంలోకి ఎక్కించాలనే. పిన్ని మాటతో ఇంకో వైపు కూడా చూడాల్సి వచ్చింది. పటంలోకి ఎక్కడం అంటే అందరి కంట్లో పడటం కూడా. ఇది ఒక్క పీతల గొడవ కాదు. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. అందులో నీటికుక్కలున్నాయి, బావురు పిల్లులున్నాయి. ఇసుక దిబ్బల మీద తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీటికుక్కల గుహ ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలు ఆరు దశాంశాల వరకు కొలిచి ఇంటర్నెట్‌లో పెడితే అది పరిశోధకుడికీ, వేటగాడికీ ఒకేలా పనికొస్తుంది.

మనుషుల సంగతికి వస్తే ఇంకో చిక్కు ఉంది. అభయారణ్యంలోపల పుల్లలు ఏరినా, పీతలు పట్టినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకపోతే నేరమవ్వొచ్చు. ఎవరెవరు ఏ చోటికి వెళ్తారో మేము గీసి ఇచ్చే పటం రేపు వాళ్ల మీదే సాక్ష్యంగా నిలబడొచ్చు. పోనీ గీయకుండా వదిలేద్దామా అంటే, 2006 అటవీ హక్కుల చట్టం నీటి వనరుల్లోని చేపల మీద, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కుని ఒప్పుకుంటుంది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ ఆధారపడి బతుకుతున్నట్టు చూపించాలి. ఆ రుజువుకి ఇలాంటి పటమే పనికొస్తుంది. అదే గీత ఒక ఆఫీసులో హక్కు, ఇంకో ఆఫీసులో నేరం. ఈ ముడి గురించి మా ప్రాజెక్టు కాగితాల్లో ఒక్క వాక్యం కూడా లేదు. పటం తయారుచేయడం టెక్నికల్ పని అని, మిగతాది మన పరిధి కాదని పై అధికారి అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, పని నేర్పినవాడు. కానీ ఆ మాట నేను ఒప్పుకోలేకపోయాను. ఇంటి తాళం తయారుచేసినవాడు తాళంచెవి ఎవరి చేతికి ఇస్తున్నాడో చూసుకోవాలి కదా.

మలేసియాలోని సరవాక్ సంగతి నాకు అప్పుడే తెలిసింది. అక్కడి అడవి ఊళ్లవాళ్లు సొంతంగా పటాలు గీసుకుని, తోటల కంపెనీ మీద కేసులో కోర్టు ముందు పెట్టి 2001లో గెలిచారు. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం లైసెన్సున్న సర్వేయరు తప్ప ఇంకెవరూ అలాంటి పటాలు గీయకూడదని చట్టం తెచ్చింది. పైకోర్టులో ఆ గెలుపు కూడా పూర్తిగా నిలవలేదు. పటం గీసే హక్కు ఎవరిదన్న ప్రశ్న మా గుడి ముందు ముగ్గుతో మొదలైంది కాదని అర్థమైంది.

మా చిత్తుపటం ఎలా బయటికెళ్లిందో నాకు తెలియదు గానీ, వెళ్లింది. కొన్నాళ్లకి బ్రోకర్లు ఫోన్లో అదే రంగుల బొమ్మ చూపిస్తూ బయలు చుట్టుపక్కల రైతుల్ని అడగడం మొదలుపెట్టారు. సర్వే నంబరు కొడితే ఉపగ్రహ చిత్రం మీద భూమి హద్దు చూపించే యాప్‌లు ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి. 2009లో ఇస్రో వాళ్ల పటాల సైటు భువన్ వచ్చింది, 2021లో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలు బాగా సడలించింది, రాష్ట్రంలో 2020 చివర్లో డ్రోన్లతో భూముల రీసర్వే మొదలైంది. సమాచారం తెరుచుకోవడం మంచిదే. కానీ దాన్ని ముందు అందుకునేది డబ్బూ పెద్ద తెర ఫోనూ ఉన్నవాళ్లు. ఊరికి చేరింది ఒక ఫ్లెక్సీ మాత్రమే.

తెరుచుకోని సమాచారం సంగతి కూడా చెప్పాలి. కోనసీమలో ఎన్నో ఊళ్ల కింద గ్యాస్ గొట్టాలున్నాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకి పైగా మండింది. గొట్టం తమ ఇంటికి ఎంత దూరంలో, ఎంత లోతులో ఉందో చూపించే పటం కావాలని మా ఫీల్డులో ఎంతమంది అడిగారో. ఆ పొర మా ప్రాజెక్టుకి కూడా ఇవ్వలేదు, భద్రతా కారణాలన్నారు. పీతల బొరియ అందరికీ కనిపించాలట, పడుకున్న మంచం కింద ఏముందో మాత్రం కనిపించకూడదట. ఏది చూపించాలి, ఏది దాచాలి అన్నది ఎవరి భద్రత లెక్కన తేలుస్తున్నారో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇంత చెప్పినా పటాలు వద్దని నేను అనను. 1990ల్లో రొయ్యల చెరువులు తీరాన్ని ఎలా తినేశాయో ఏళ్లవారీగా చూపించింది ఉపగ్రహ చిత్రాలే. రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996లో గట్టి తీర్పు ఇచ్చాక కూడా తవ్వకాలు ఆగలేదని చూపించేదీ అవే. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లు కొట్టి చదును చేసిన గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అక్కడ ముందు చెట్లున్నాయా లేవా అన్న వాదనకి పాత చిత్రం ముందు నోరు లేస్తుందా? రాష్ట్రంలో మడ అడవి 400 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అది ఏటా ఎటు కదులుతోందో తెలియాలి. కాకపోతే ఆ లెక్కని కూడా జాగ్రత్తగా చదవాలి. 10 శాతం ఆకు కప్పు ఉన్నా అది అడవి లెక్కలోకే వస్తుంది. కొత్తగా మేట వేసిన తిప్ప మీద పుట్టిన పలచటి మడ, ఇటువైపు పోయిన ముదురు అడవితో కలిపి మొత్తం మీద "పెరిగింది" అని చూపించగలదు. మా ఊరి ముందున్న అడవి పలచబడితే, ఎక్కడో నది మూతి దగ్గర మొలిచినది మా మీదికొచ్చే గాలిని ఆపదు.

చివరికి మా పటంలో కొన్ని మార్పులు జరిగాయి, కొన్ని జరగలేదు. బయలు రంగు మారలేదు. పక్కన "ఊరి ఉమ్మడి వాడకంలో ఉంది" అని నోటు పెట్టడానికి ఒప్పుకున్నారు. పెద్ద పోరాటం చేస్తే దొరికింది ఆ ఒక్క వాక్యం. మేము పడవ మీద గీసిన కాలువలు పటంలో నిలిచాయి. పీతల చోట్లు, నీటికుక్కల చోట్లు, తాబేళ్ల దిబ్బలు విడి పొరగా చేసి బయటికి ఇచ్చే ఫైలులోంచి తీసేశాం. ఊరికి కావలసినప్పుడు చూసుకునేలా ఆ పొర కాపీ ఊరి మహిళా సంఘం దగ్గర కూడా ఉండాలని అడిగాం. మౌఖికంగా సరేనన్నారు. కాగితం మీద ఇంకా రాలేదు. మంచినీటి గుంట, నడిచి దాటే రేవు, శ్మశానం పటంలోకి ఎక్కాయి. గుల్లల తిప్పని ఎక్కించాలా వద్దా అన్న దాని మీద ఊళ్లోనే రెండు మాటలున్నాయి. పడవలున్నవాళ్లు ఎక్కించమంటున్నారు, నడిచివెళ్లేవాళ్లు వద్దంటున్నారు. అది వాళ్లు తేల్చుకునే దాకా ఆ చోటు ఖాళీగా ఉంచమని నేను అడిగాను. నేను ఆ సంస్థలో ఇప్పుడు లేను.

ఊరి తరఫున రాసిన అభ్యంతరాల కాగితం మాత్రం నా చేత్తోనే రాశాను. తెలుగు పటం కావాలి. సభ సాయంత్రం పూట, ఆడవాళ్లు రాగలిగే చోట మళ్లీ పెట్టాలి. ఫైళ్లు బొమ్మ రూపంలో కాకుండా తెరిచి సరిచేయగలిగే రూపంలో పంచాయతీకి ఇవ్వాలి. గ్యాస్ గొట్టాల పొర కనీసం ఆ గొట్టాల మీద ఇళ్లున్నవాళ్లకి చూపించాలి. ఇంకొకటి, కాలువలో పోటు ప్రభావం ఎక్కడిదాకా ఉందో తేల్చేటప్పుడు ఎండలు ముదిరిన కాలంలో నీళ్లలో ఉప్పు వెయ్యింటికి 5 భాగాలు ఉన్నచోటు చూస్తారు. ఆ కొలత తీసే రోజు ముందుగా చెప్పాలి. చెరువుల నీళ్లు కాలువలోకి వదిలే తూముల దగ్గర కూడా తీయాలి. మావయ్య పడవలోనే తీయాలి. కాగితం ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఎండలు వచ్చాయి, కొలతకి ఎప్పుడొస్తారో ఇంకా చెప్పలేదు. ఈ సోమవారం మళ్లీ ఆఫీసుకి వెళ్తున్నాం.